అప్పీలు వేశారని కార్మికుడి పరిహారం ఆపొచ్చా? చట్టం ఏం చెబుతోంది, డబ్బు ఎక్కడ ఆగుతోంది?

మీ ఇంట్లో ఒకరు పనిలో ప్రమాదానికి గురయ్యారు. లేబర్ ఆఫీసులో కేసు వేశారు. వాయిదాలు తిరిగారు, సాక్ష్యాలు చెప్పారు. చివరికి ఇంత పరిహారం చెల్లించాలని ఆర్డరు వచ్చింది. ఇక డబ్బు వస్తుందనుకుంటుండగా ఫోన్ మోగింది. 'అవతలివాళ్లు హైకోర్టులో అప్పీలు వేశారు. అది తేలాకే డబ్బు' అన్నది ఆ కబురు.

సికింద్రాబాద్ చుట్టుపక్కల గోదాముల్లో, భవన నిర్మాణ స్థలాల్లో, వర్క్‌షాపుల్లో, లారీల మీద పనిచేసేవాళ్ల కుటుంబాలకు ఎదురయ్యే మాటే ఇది. చాలామంది దీన్ని చట్టమే అనుకుని ఇంటికి వెళ్లిపోతారు. అప్పీలు ఏళ్లపాటు నడిస్తే ఏళ్లపాటు ఎదురుచూస్తారు.

నిజానికి అప్పీలు వేసినంత మాత్రాన డబ్బు ఆపాలని చట్టంలో లేదు. ఆపడానికి వీలిచ్చిన సెక్షన్ ఒకటి ఒకప్పుడు ఉండేది. దాన్ని 2017లో తీసేశారు. ఇప్పుడు డబ్బు ఆగిందంటే దాని వెనుక హైకోర్టు ఆర్డరైనా ఉండాలి, లేదంటే ఎవరో తమ పని చేయకుండా ఉండాలి. ఈ రెండింటిలో మీ కేసులో ఏది జరిగిందో తెలుసుకోవడం ఎలాగో చూద్దాం.

ముందుగా: ఎక్స్‌గ్రేషియా వేరు, పరిహారం వేరు

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడలో స్క్రాప్ గోదాం తగలబడి బిహార్‌కు చెందిన 11 మంది కార్మికులు చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి రూ.5 లక్షలు ప్రకటించింది. ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి రూ.2 లక్షలు ప్రకటించారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో అక్కడ ఉద్యోగం చేస్తున్న ఆరుగురు యువతీ యువకులు ప్రాణాలు కోల్పోయారు.

ఇలాంటి పెద్ద ప్రమాదాల తర్వాత టీవీల్లో వినిపించే అంకె ఎక్స్‌గ్రేషియాది. అది ప్రభుత్వం దయతో ఇచ్చే సాయం. పరిహారం అలా కాదు, అది యజమాని చట్టప్రకారం చెల్లించాల్సిన బాకీ. ఒకటి అందింది కాబట్టి రెండోది అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ కథనం రెండోదాని గురించే.

ఆ బాకీకి మూలం 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం. 2010 నుంచి దాని పేరు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం. దీని కింద కేసులు వినే అధికారిని కమిషనర్ అంటారు. మన రాష్ట్రంలో కార్మిక శాఖ అధికారులే ఆ హోదాలో కేసులు వింటారు. ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలన్న నిబంధన లేదు. బాధితుడు లేదా అతని కుటుంబం ఉంటున్న చోటైనా, యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోటైనా వేయొచ్చు. భోయిగూడ లాంటి ఘటనల్లో బిహార్ కుటుంబాలకు ఈ వెసులుబాటు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

మీకు ఈఎస్‌ఐ ఉంటే దారి మారుతుంది. నెల జీతం రూ.21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవాళ్లు పని ప్రమాదానికి యజమాని మీద ఈ పరిహారం కేసు వేయలేరు. వాళ్లకు ఈఎస్‌ఐ కార్పొరేషనే నెలనెలా ప్రయోజనం చెల్లిస్తుంది. కాబట్టి మొదట జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ కోత ఉందో లేదో చూసుకోండి.

ఆలస్యం విలువ ఎంత?

లెక్క వేస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. కార్మికుడు చనిపోతే నెల జీతంలో సగాన్ని అతని వయసుకు చట్టం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. పూర్తి శాశ్వత వైకల్యమైతే జీతంలో 60 శాతం తీసుకుంటారు. అసలు జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునే గరిష్ఠ జీతం 2020 జనవరి నుంచి రూ.15 వేలు.

ఉదాహరణకు 30 ఏళ్ల వ్యక్తి, నెల జీతం రూ.15 వేలు. ఆ వయసుకు గుణకం 207.98. రూ.7,500ను దానితో హెచ్చిస్తే రూ.15,59,850 వస్తుంది. మరణించిన సందర్భంలో కుటుంబానికి రావాల్సిన అసలు అదే.

ఇంకో ఉదాహరణ. 40 ఏళ్ల వ్యక్తికి మెషీన్‌లో పడి బొటనవేలు పోయింది. చట్టంలోని పట్టిక ప్రకారం అది 30 శాతం సంపాదన నష్టం. జీతం రూ.15 వేలైతే పరిహారం రూ.4,97,259.

చాలామంది పట్టించుకోనిది వడ్డీ సంగతి. పరిహారం ప్రమాదం జరిగిన రోజే బాకీ పడుతుందని సుప్రీంకోర్టు 1975లోనే ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో చెప్పింది. కమిషనర్ ఆర్డరు ఇచ్చిన రోజు నుంచి కాదు. నెలలోగా చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ కట్టాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారని తేలితే అసలులో 50 శాతం దాకా జరిమానా కూడా వేయొచ్చు. వడ్డీ, జరిమానా రెండూ కార్మికుడికి లేదా కుటుంబానికే చెందుతాయి.

మొదటి ఉదాహరణలో ఏడాది వడ్డీ రూ.1,87,182. అంటే నెలకు సుమారు రూ.15,600. చనిపోయిన మనిషి జీతమంత వడ్డీ ప్రతినెలా పేరుకుంటుంది.

అయితే యజమాని ఆ డబ్బును కమిషనర్ దగ్గర డిపాజిట్ చేసిన క్షణం నుంచి అతని మీద 12 శాతం వడ్డీ ఆగిపోతుంది. ఆ తర్వాత డబ్బు మీ చేతికి రాకుండా ఉండిపోతే, బ్యాంకులో వేసినప్పుడు వచ్చే తక్కువ వడ్డీ తప్ప ఇంకేమీ రాదు. ఆలోపు ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, చేసిన అప్పుల మీద వడ్డీ మాత్రం ఆగవు. అంటే డిపాజిట్ అయ్యాక జరిగే ఆలస్యం భారమంతా కుటుంబం మీదే పడుతుంది.

అప్పీలుకు మూడు షరతులు

కమిషనర్ ఆర్డరు నచ్చకపోతే యజమాని హైకోర్టుకు వెళ్లొచ్చు. తెలంగాణలో ఇచ్చిన ఆర్డరు మీద తెలంగాణ హైకోర్టుకు, ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన దాని మీద ఏపీ హైకోర్టుకు. కోర్టు భాషలో వీటిని సివిల్ మిసిలేనియస్ అప్పీళ్లు, వాడుకలో సీఎంఏలు అంటారు. కానీ ఇది అందరూ అనుకునేంత తేలికైన దారి కాదు.

ఒకటి, అందులో ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉండాలి. ప్రమాదం ఎలా జరిగింది, జీతం ఎంత, వైకల్యం ఎంత శాతం వంటి వాస్తవాలను మళ్లీ మొదటి నుంచి తిరగదోడడానికి అప్పీలు కాదు. 2018లో నార్త్ ఈస్ట్ కర్ణాటక ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టం చేసింది. మామూలు సివిల్ అప్పీలులా దీన్ని చూడకూడదని, చట్టపరమైన ప్రశ్న ఉంటేనే వినాలని చెప్పింది.

రెండు, 60 రోజుల గడువు. ఆలస్యమైతే సరైన కారణం చూపించి మాఫీ కోరొచ్చు. హైకోర్టు ఆ ఆలస్యాన్ని మాఫీ చేసేదాకా అసలు అప్పీలు నంబరు కూడా పడదు.

మూడు, అన్నిటికంటే కీలకం: డిపాజిట్. ఆర్డరు ప్రకారం చెల్లించాల్సిన మొత్తాన్ని యజమాని ముందుగా కమిషనర్ దగ్గర జమ చేయాలి. జమ చేసినట్టు కమిషనర్ ఇచ్చిన సర్టిఫికెట్‌ను అప్పీలు కాగితాలకు జతచేయాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే యజమాని వేసిన అప్పీలు చెల్లదు.

చట్టం ఈ షరతు ఎందుకు పెట్టింది? కేసు తేలేలోపు యజమాని కంపెనీ మూసేసినా, ఆస్తులు అమ్మేసినా కార్మికుడి డబ్బు భద్రంగా ఉండాలని. కాబట్టి 'అప్పీలు వేశారు' అని ఎవరైనా అంటే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న 'డిపాజిట్ చేశారా?' అన్నదే. చేస్తే డబ్బు కమిషనర్ ఖాతాలో ఉన్నట్టు. చేయకపోతే అప్పీలే సరిగ్గా లేనట్టు.

30-ఎ: వచ్చింది, పోయింది

డిపాజిట్ షరతు ఉన్నా, ఆ డబ్బును కార్మికుడికి వెంటనే ఇవ్వాలా, ఆపాలా అన్న ప్రశ్న మిగిలింది. 1933లో చట్టాన్ని సవరించి సెక్షన్ 30-ఎ చేర్చారు. యజమాని అప్పీలు వేస్తే, అది తేలేదాకా తన దగ్గరున్న డిపాజిట్‌ను కమిషనర్ ఆపి ఉంచవచ్చు, హైకోర్టు ఆపమంటే తప్పకుండా ఆపాలి అన్నది దాని సారాంశం.

దీనివల్ల జరిగిందేమిటంటే, హైకోర్టు ఏమీ చెప్పకపోయినా అప్పీలు కబురు అందగానే చెల్లింపు ఆపేసే వీలు కమిషనర్ ఆఫీసుకు దొరికింది. 80 ఏళ్లకు పైగా ఈ సెక్షన్ చట్టంలో కొనసాగింది.

2016 ఆగస్టులో ఈ చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది. దాన్ని ప్రవేశపెట్టింది అప్పటి కేంద్ర కార్మిక శాఖ మంత్రి బండారు దత్తాత్రేయ. ఆయన అప్పుడు సికింద్రాబాద్ ఎంపీ కూడా. 2017లో బిల్లు చట్టమైంది, ఆ ఏడాది మే నెల నుంచి అమలులోకి వచ్చింది. ఆ సవరణ మూడు ముఖ్యమైన మార్పులు తెచ్చింది.

• సెక్షన్ 30-ఎను పూర్తిగా తొలగించారు.

• అప్పీలు వేయడానికి వివాదంలో ఉండాల్సిన కనీస మొత్తాన్ని రూ.300 నుంచి రూ.10 వేలకు పెంచారు. చిన్న మొత్తాల కోసం కార్మికుణ్ని హైకోర్టుకు లాగడం తగ్గుతుందని.

• ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే పరిహారం హక్కు గురించి కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా తెలియజేయాలి. చేయకపోతే యజమానికి రూ.50 వేల నుంచి రూ.లక్ష వరకు జరిమానా.

అప్పీలు పేరుతో డబ్బు ఆపే అధికారాన్ని తీసేసిన బిల్లును పార్లమెంటులో పెట్టింది మన నగర ఎంపీయే. అయినా ఇదే నగరంలో 'అప్పీలు తేలాక రండి' అన్న మాటకు ఎదురు ప్రశ్న వేయాలని చాలామందికి తెలియదు.

మరి సెక్షన్ పోయినా డబ్బు ఎందుకు ఆగుతోంది?

ఆగే చోట్లు ముఖ్యంగా నాలుగు. మీ డబ్బు ఎక్కడ ఆగిందో తెలిస్తేనే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

మొదటిది, యజమాని దగ్గరే. ఆర్డరు వచ్చినా కట్టడు, అప్పీలూ వేయడు. వేస్తానని చెబుతూ కాలం గడుపుతాడు. ఇలాంటప్పుడు ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించే అధికారం కమిషనర్‌కు ఉంది. అందుకోసం రెవెన్యూ అధికారులకు రికవరీ సర్టిఫికెట్ పంపుతారు. ఇది తనంతట తాను కదలకపోవచ్చు. మీరు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. సర్టిఫికెట్ వెళ్లాక కలెక్టరేట్‌లో దాని నంబరు పట్టుకుని వెంటపడాలి. ఇక్కడ ఒక ఊరట ఉంది: డిపాజిట్ కాలేదు కాబట్టి వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

రెండోది, డిపాజిట్ అయ్యాక కమిషనర్ ఆఫీసులో. యజమాని డబ్బు కట్టేశాడు, అప్పీలు వేశాడు, హైకోర్టు ఏ ఆదేశమూ ఇవ్వలేదు. అయినా ఫైలు కదలదు. అప్పీలు వేయడం స్టే కాదు అన్నది మన సివిల్ న్యాయంలో పాత సూత్రం. 30-ఎ కూడా పోయాక, హైకోర్టు ఆదేశం లేకుండా కేవలం అప్పీలును చూపి ఆపడానికి చట్టంలో ఆధారం కనిపించదు.

మూడోది, హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు. 30-ఎ పోయినంత మాత్రాన తన ముందున్న అప్పీలులో స్టే ఇచ్చే అధికారం హైకోర్టుకు పోలేదు. యజమాని స్టే పిటిషన్ వేస్తాడు. పరిస్థితిని బట్టి కోర్టు పూర్తి స్టే ఇవ్వవచ్చు, కొంత భాగం విత్‌డ్రా చేసుకోమనవచ్చు, పూచీకత్తు పెట్టి తీసుకోమనవచ్చు, స్టే నిరాకరించనూ వచ్చు. అంటే ఆపాలా వద్దా అన్నది ఇప్పుడు ఆఫీసు అలవాటు కాదు, కోర్టు కారణాలు చూసి తీసుకోవాల్సిన నిర్ణయం. మీ వాదన వినిపించే అవకాశం మీకు ఉందన్నమాట.

నాలుగోది, పంపిణీ దగ్గర. మరణించిన కేసుల్లో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు ఎవరికెంత అన్నది కమిషనరే నిర్ణయిస్తారు. మైనర్ పిల్లల వాటాను వాళ్ల పేరిట బ్యాంకులో వేయిస్తారు. ఇది ఆపడం కాదు, పిల్లల డబ్బుకు రక్షణ. కానీ ఆధార్, బ్యాంకు ఖాతా, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాల్లో పేర్లు ఒకలా లేకపోయినా, ఇంట్లోవాళ్ల మధ్య తగాదా ఉన్నా ఇక్కడ నెలలు గడిచిపోతాయి.

కమిషనర్ కేసును మూడు నెలల్లో తేల్చాలని 2009 సవరణ గడువు పెట్టింది. అప్పీలును ఎన్నాళ్లలో తేల్చాలో మాత్రం ఈ చట్టంలో గడువు లేదు. అందుకే అప్పీలు కాలంలో డబ్బు ఎవరి దగ్గర ఉంటుందన్నది ఇంత పెద్ద ప్రశ్న అయింది.

యజమాని వైపు వాదన

'డబ్బు ఇచ్చేశాక నేను అప్పీలులో గెలిస్తే? ఖర్చయిపోయిన డబ్బును ఎలా వెనక్కి తెచ్చుకోవాలి?' అని యజమాని అడగవచ్చు. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. అతను తన కార్మికుడే కాదని, ప్రమాదానికి పనితో సంబంధం లేదని నిజంగా వివాదం ఉన్న కేసులు ఉంటాయి. చిన్న వర్క్‌షాపు నడిపేవాళ్లకు రూ.15 లక్షలు చిన్న మొత్తమూ కాదు. కోర్టులు పూచీకత్తు అడగడం, కొంత భాగమే విడుదల చేయడం వెనుక ఈ ఆలోచన ఉంది.

కానీ రెండు వైపులా నష్టాన్ని తూచి చూడండి. యజమాని గెలిస్తే కొంత డబ్బు తిరిగి రాబట్టుకోవడం కష్టం కావచ్చు. కుటుంబం గెలిచినా, డబ్బు ఐదేళ్ల తర్వాత చేతికొస్తే బడి మానేసిన పిల్లవాడి చదువు తిరిగి రాదు. వైద్యం అందక ముదిరిన గాయం మొదటి స్థితికి రాదు. పైగా వాస్తవాల మీద కమిషనర్ నిర్ణయాన్ని హైకోర్టు మామూలుగా తిరగదోడకూడదు కాబట్టి, చాలా అప్పీళ్లలో కుటుంబం వైపు మొగ్గు ముందే ఉంటుంది. 30-ఎ తీసేయడంలో ఉన్న న్యాయం ఇదే: సందేహం ఉన్న కేసుల్లో కోర్టు ఆపుతుంది, మిగతా కేసుల్లో డబ్బు కదలాలి.

ఇంకో మాట. మొత్తం మీద వివాదం ఉన్నా, తాను ఒప్పుకొన్న మేరకు యజమాని తాత్కాలిక చెల్లింపు చేయాలని చట్టంలో ఉంది. జీతం రూ.15 వేలు కాదు, రూ.10 వేలే అని వాదిస్తున్నాడనుకోండి. ఆ రూ.10 వేల లెక్కన వచ్చే మొత్తం మీద వివాదం లేనట్టే. కనీసం ఆ భాగమైనా విడుదల చేయమని హైకోర్టును అడగొచ్చు.

బీమా కంపెనీ, కాంట్రాక్టర్ ఉంటే?

లారీ డ్రైవర్లు, క్లీనర్ల కేసుల్లో అప్పీలు వేసేది ఎక్కువగా వాహనానికి బీమా చేసిన కంపెనీయే. పాలసీ వర్తించదన్నది దాని వాదన కావచ్చు. అది యజమానికీ బీమా కంపెనీకీ మధ్య గొడవ. పరిహారం, దాని మీద వడ్డీ బీమా కంపెనీ భరించాలని, జరిమానా మాత్రం యజమానే కట్టుకోవాలని 1997లో వేద్ ప్రకాశ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బీమా కంపెనీ అప్పీలు వేసినప్పుడు కూడా డిపాజిట్ సంగతి, స్టే సంగతి విడివిడిగా అడగండి.

కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్లకు ఇంకో రక్షణ ఉంది. ఒక సంస్థ తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇస్తే, ఆ పనిలో ప్రమాదం జరిగినప్పుడు ఆ అసలు సంస్థ మీద కూడా పరిహారం కోరొచ్చు. రైల్వే, విద్యుత్తు, పెద్ద నిర్మాణ పనుల్లో కాంట్రాక్టర్ కనిపించకుండా పోయినప్పుడు ఇది పనికొస్తుంది. అసలు సంస్థ తర్వాత కాంట్రాక్టర్ నుంచి వసూలు చేసుకుంటుంది. అందుకే కేసు వేసేటప్పుడే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది.

కొత్త కోడ్ వచ్చాక మారిందా?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో సామాజిక భద్రతా కోడ్ 1923 చట్టం స్థానంలో వచ్చింది. కమిషనర్ అనే మాటకు బదులు సమర్థ అధికారి అన్న మాట వాడారు. హైకోర్టుకు అప్పీలు, ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న, 60 రోజుల గడువు, ముందస్తు డిపాజిట్ షరతులు కొనసాగాయి. డబ్బు ఆపి ఉంచే పాత 30-ఎ మాత్రం తిరిగి రాలేదు.

మార్పిడి కాలంలో పాత చట్టాల కింది నియమాలు, నోటిఫికేషన్లు కొనసాగుతాయని కేంద్రం చెప్పింది. మీ ప్రమాదం ఆ తేదీకి ముందు జరిగిందా, తర్వాతా అన్నది చూసి ఏ చట్టం కింద వెళ్లాలో న్యాయవాదితో మాట్లాడండి. ఏ చట్టమైనా డిపాజిట్ ప్రశ్న మాత్రం ఒకటే.

మీరు ఇప్పుడు ఏం చేయాలి?

1. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అందులో అసలు, వడ్డీ ఏ తేదీ నుంచి, ఎన్ని రోజుల్లో డిపాజిట్ చేయాలి అన్నవి చూసి రాసుకోండి.

2. హైకోర్టులో కేవియట్ వేయండి. మీకు తెలియకుండా అవతలివాళ్లు స్టే తెచ్చుకోకుండా ఇది అడ్డుకుంటుంది. దీని కాలం 90 రోజులు. ఆలోపు అప్పీలు పడకపోతే మళ్లీ వేసుకోవాలి.

3. డిపాజిట్ అయిందా అని కమిషనర్ ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. తేదీ, మొత్తం, వడ్డీ కలిపి ఉందా అన్నవి తెలుసుకోండి. నోటిమాట జవాబుతో సరిపెట్టుకోకండి. దరఖాస్తు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి.

4. అప్పీలు నిజంగా వేశారా అని ఈ-కోర్ట్స్ యాప్‌లో లేదా హైకోర్టు వెబ్‌సైట్‌లో పేరు, కేసు నంబరుతో వెతకండి. 'వేశారు' అన్న మాటకూ, నంబరు పడిన అప్పీలుకూ తేడా ఉంటుంది. మధ్యంతర ఉత్తర్వులు ఉంటే అక్కడే కనిపిస్తాయి.

5. స్టే లేకపోతే, డబ్బు విడుదల చేయమని కమిషనర్‌కు దరఖాస్తు పెట్టండి. హైకోర్టు ఆదేశం ఏదైనా ఉంటే దాని కాపీ ఇవ్వమని, లేకపోతే ఏ కారణంతో ఆపారో రాసి ఇవ్వమని అందులోనే అడగండి.

6. స్టే ఉంటే, అదే అప్పీలులో స్టే ఎత్తేయమని లేదా కొంత మొత్తం విత్‌డ్రాకు అనుమతించమని పిటిషన్ వేయించండి. ఆసుపత్రి బిల్లులు, స్కూలు ఫీజు రసీదులు, అప్పు పత్రాలు జతచేయండి. అవసరం ఎంత స్పష్టంగా కనిపిస్తే కోర్టు కొంతైనా విడుదల చేసే అవకాశం అంత ఎక్కువ.

7. లాయర్ ఫీజుకు డబ్బు లేదా? మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం పొందే హక్కు ఉంది. హైకోర్టులో కూడా న్యాయ సేవల కమిటీ ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగండి.

ఈ తప్పులు చేయకండి

అప్పీలు భయం చూపించి 'సగం తీసుకుని సంతకం పెట్టండి, ఏళ్లపాటు తిరగడం ఎందుకు' అని మధ్యవర్తులు వస్తారు. పరిహారం హక్కును వదులుకుంటూ రాసుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు. మరణించిన కేసుల్లో యజమాని నేరుగా కుటుంబం చేతికి ఇచ్చిన డబ్బును, మూడు నెలల జీతం లోపు అడ్వాన్సు తప్ప, పరిహారం చెల్లింపుగా చట్టం లెక్కించదు. డబ్బు కమిషనర్ ద్వారానే రావాలి. పరిహారం డబ్బును అప్పులవాళ్లు జప్తు చేయించడానికి కూడా వీల్లేదు.

ఇంకా అసలు కేసే వేయనివాళ్లు ఉంటే గడువు మరిచిపోకండి. పాత చట్టం ప్రమాదం లేదా మరణం జరిగిన రోజు నుంచి రెండేళ్లు ఇచ్చింది. పోలీసు కేసు నడుస్తోందని, ఎక్స్‌గ్రేషియా వచ్చిందని ఆగిపోతే ఆ రెండేళ్లు తెలియకుండానే గడిచిపోతాయి.

ఈసారి ఎవరైనా 'అప్పీలు ఉంది, తేలాక రండి' అంటే మూడు ప్రశ్నలు అడగండి. డిపాజిట్ ఏ తేదీన అయింది? అప్పీలు నంబరు ఎంత? స్టే ఆర్డరు కాపీ ఏది? మూడింటికీ కాగితం చూపిస్తే మీ పోరాటం హైకోర్టులో. చూపించలేకపోతే డబ్బు ఆపిందెవరో ఆ ఆఫీసే చెప్పాలి.